కోతా, బెజ్జమా? – హెర్నియా ఆపరేషన్ వెనుక కథ

ప్రత్యేక సంచికకు ఆరోగ్యం మీద ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, నేను డాక్టరును కానని, ముప్పై నాలుగేళ్ళు వైద్య ఆరోగ్య శాఖలో కాగితాలు నడిపిన గుమాస్తాను మాత్రమేనని మనవి చేసుకున్నాను. "మీ ఒంటి మీద రెండు రకాల ఆపరేషన్లూ జరిగాయి కదండీ, అదే వ్రాయండి" అన్నారు. నిజమే. నా ఎడమ గజ్జలో హెర్నియాకు 2008లో కోత పెట్టి ఆపరేషన్ చేశారు. కుడి వైపున 2019లో బెజ్జాలు వేసి, కెమెరా పెట్టి చేశారు. నెలసరి సమావేశం ముగిసి టీ గ్లాసులు అందుకునే వేళ మన వాళ్ళు ఒకరిద్దరు నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఒకటే: "ఏది మంచిదంటావు?"

ఒక్క మాటలో చెప్పలేను. చెప్పాలంటే 1963 నుంచి మొదలుపెట్టాలి.

మా నాన్న దుగ్గిరాల పసుపు కొట్లలో ముఠా కూలీ. బస్తా వీపున వేసుకుని, చెక్క పలక మీద నడిచి, బండిలోకో కాలవ ఒడ్డున పడవలోకో చేర్చడం ఆయన పని. గజ్జలో కోడిగుడ్డంత ఉబ్బు ఉండేది. పొద్దున లేచాక పాత గుడ్డ నాలుగు మడతలు పెట్టి దాని మీద అదిమి, పైన గోచీ బిగించుకుని పనికి పోయేవాడు. రాత్రి వెల్లకిలా పడుకుంటే ఉబ్బు లోపలికి పోయేది. అమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. చెప్పుకోవడానికి సరైన పేరు కూడా లేదు. బోదకాలు జబ్బు తిరిగే కోస్తా ఊళ్ళు కనుక వరిబీజం చాలామందికి ఉండేది. నీరు దిగినా పేగు జారినా జనం నోట రెండింటికీ "బుడ్డ" అనే ఒక్కటే మాట, దాని వెంట ఒక నవ్వు. ఆ నవ్వుకు భయపడి దాచుకున్నాడు.

ఆ ఏడు వర్షాకాలంలో ఒక రాత్రి ఉబ్బు లోపలికి పోలేదు. రాయిలా గట్టిపడింది. వాంతులు మొదలైనాయి. అమ్మ ఉప్పు కాపడం పెట్టింది, ఎవరో ఆముదం పట్టించమన్నారు, పట్టించాం. మర్నాడు మధ్యాహ్నం పాసింజరు బండిలో తెనాలి, అక్కడి నుంచి పట్నంలో పెద్దాసుపత్రి. పేగు నల్లబడిపోయిందన్నారు. నాలుగో రోజున పోయాడు. నాకప్పుడు పన్నెండేళ్ళు. కడుపునొప్పితో పోయాడనే మేమంతా చెప్పుకున్నాం.

1976లో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆపరేషన్ల స్టేట్‌మెంటు ఒకటి టైపు చేస్తుంటే "స్ట్రాంగ్యులేటెడ్ హెర్నియా" అన్న మాట తగిలింది. స్పెల్లింగు సరిచూసుకోవడానికి ఆఫీసులో ఉన్న డాక్టరు గారిని అడిగాను. "గొంతు నులిమినట్టు పేగును నులిమేయడమయ్యా. రక్తం ఆడదు. అయిదారు గంటలు దాటితే పేగు చచ్చిపోతుంది" అన్నారు. నేను కుర్చీలో కూర్చుని లెక్క వేసుకున్నాను. రాత్రి భోజనాల వేళ నుంచి మర్నాడు దీపాల వేళ దాకా. మిషను మీద కాగితం అలాగే ఉండిపోయింది.

అప్పటి నుంచి ఈ జబ్బు గురించి ఎక్కడ ఏది కనబడినా చదువుతూ వచ్చాను. ఇక్కడ వ్రాసేది ఆ చదివిందీ, ఆ మీదట నేను అనుభవించిందీ.

మగపిల్లవాడు తల్లి కడుపులో ఉన్నప్పుడు బీజాలు పొత్తికడుపులో పుట్టి, గజ్జలోని సన్నని దారిగుండా కిందికి దిగుతాయి. ఆ దారి పూడినా బలహీనంగానే మిగులుతుంది. వయసుతోనో, పుట్టుకతోనో అక్కడి గోడ పలచబడితే లోపలి కొవ్వు గాని పేగు గాని బయటికి తోసుకొస్తుంది. అదే గజ్జ హెర్నియా. మగవాళ్ళలో నూటికి ఇరవై ఏడు మందికి జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది వస్తుందని ఒక అంచనా. ప్రపంచంలో ఏటా సుమారు 2 కోట్ల ఆపరేషన్లు దీనికోసం జరుగుతాయి. అంటే మన సంఘం సమావేశంలో ఒక్కో వరుసలో ఇద్దరు ముగ్గురన్నమాట. సిగ్గుపడాల్సిందేముంది?

సుశ్రుతుడు దీన్ని అంత్రవృద్ధి అన్నాడు. కారణాలు చెబుతూ బరువులు మోయడం, తనకంటే బలవంతుడితో పెనుగులాడటం, చెట్టు మీది నుంచి పడటం అని వ్రాశాడు. పసుపు యార్డులో ఏ ముఠా మేస్త్రినడిగినా మొదటి కారణం అదే చెబుతాడు. నేటి వైద్యులు మాత్రం బరువొక్కటే కారణమనడానికి ఒప్పుకోరు. వంశంలో ఉండటం, ఒంటి కండరాల అల్లిక బలహీనంగా ఉండటం ముందు లెక్కిస్తారు. నాన్నకొచ్చింది, బస్తా ఎత్తని నాకూ వచ్చింది. నా మటుకు నేను డాక్టర్లతోనే ఏకీభవిస్తాను. అంత చెప్పిన సుశ్రుతుడు కూడా పేగు వృషణాల్లోకి దిగిపోయిన దశను అసాధ్యం అని పక్కన పెట్టాడు. ఆ మాట దాదాపు రెండు వేల ఏళ్ళు నిజంగానే నిలిచింది. మత్తు లేదు, చీము పట్టకుండా ఉపాయం లేదు. కోస్తే బతికేవాళ్ళు తక్కువ, బతికినా ఉబ్బు మళ్ళీ వచ్చేది. బెల్టులూ గోచీలే గతి.

దీన్ని మార్చినవాడు ఇటలీ దేశస్థుడు ఎడొవార్డో బస్సీని. ఈయన కథ నాకు చాలా ఇష్టం. 1867లో రోము కోసం జరిగిన పోరాటంలో స్వచ్ఛంద సైనికుడిగా పోయి, కుడి గజ్జలోనే తుపాకీ బాకు పోటు తిన్నాడు. పేగు తెగి, ఆ గాయం గుండా మలం కారుతూ నెలల తరబడి మంచాన ఉన్నాడు. అలా గజ్జ గాయపడ్డ మనిషే పెద్దయ్యాక పాదువా నగరంలో శస్త్ర వైద్యుడై, 1884లో హెర్నియాకు సరైన మరమ్మతు మొదలుపెట్టాడు. పైపైన కుట్టి వదలకుండా, దారి మొత్తం విప్పి, వెనక గోడను పొరలుపొరలుగా మళ్ళీ కట్టాడు. 1889లో 262 ఆపరేషన్ల లెక్క ప్రకటించాడు. తిరగబెట్టినవి నూటికి మూడు లోపే. అప్పటి వైద్య లోకం నమ్మలేకపోయింది.

తర్వాత జరిగింది మనలాంటి ఆఫీసు వాళ్ళకు బాగా అర్థమవుతుంది. సెక్రటేరియట్‌లో పుట్టిన జీ.వో. ఒకటి, అది జిల్లా దాటి తాలూకాకు చేరేసరికి నకలు మరొకటి. బస్సీని పద్ధతి దేశాలు తిరిగేకొద్దీ కష్టమైన భాగం, అంటే వెనక గోడ విప్పి కట్టడం, జారిపోయింది. పేరు బస్సీనిది, పని సగం. దాంతో నూటికి పది, ఆపైన కూడా తిరగబెట్టడం మొదలైంది. కెనడాలోని టొరంటోలో షోల్డైస్ అనే డాక్టరు 1945లో ఆస్పత్రి పెట్టి, అసలు పని పూర్తిగా చేస్తే ఫలితం మళ్ళీ బాగుంటుందని నిరూపించాడు. గజ్జ వరకే మత్తు సూది, ఆపరేషన్ కాగానే రోగిని నడిపించడం ఆ ఆస్పత్రి ఆచారం.

అయినా ఎంత బాగా కుట్టినా, పలచబడ్డ గుడ్డ రెండంచులూ లాగి కుట్టినట్టే. బిగువుకు మళ్ళీ చినుగుతుంది. మాసిక వేయడం ఇంకా మంచిది కదా! అమెరికాలో ఫ్రాన్సిస్ అషర్ పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ వలను మాసికగా వాడటం మొదలుపెట్టాడు. ఎరువుల గోతాలు నేసేది ఆ జాతి ప్లాస్టిక్‌తోనే. ఒంట్లో కరగదు, కుళ్ళదు, దాని కళ్ళల్లోంచి మన కండ అల్లుకుపోతుంది. 1984లో లాస్ ఏంజెలిస్‌లో లిక్టెన్‌స్టీన్ అనే ఆయన, లాగి కుట్టడం పూర్తిగా మానేసి వల పరిచి అంచులు కుట్టే పద్ధతి ఎత్తుకున్నాడు. 1989లో వెయ్యి మంది లెక్క ప్రకటించాడు. నా ఎడమ గజ్జలో ఉన్నది ఈ మాసికే.

ఇక్కడ మన దేశం మాట ఒకటి చెప్పకుండా ముందుకు పోలేను. ఆ వల ఖరీదు పేదవాడికి అందేది కాదు. మహారాష్ట్రలో దొండాయిచా అనే చిన్న ఊళ్ళో డాక్టర్ రవీంద్రనాథ్ టోంగావ్‌కర్ దోమతెర గుడ్డను శుభ్రపరచి, ఆవిరి యంత్రంలో పెట్టి, వలగా వాడి, తోటి డాక్టర్లతో కలిసి 2003లో ఫలితాలు ప్రకటించారు. నవ్వినవాళ్ళు నవ్వారు. 2016లో ఉగాండాలో 302 మంది మగవాళ్ళ మీద దోమతెర వలనూ కంపెనీ వలనూ పోల్చి చూశారు. ఏడాది తర్వాత తిరగబెట్టింది దోమతెర వైపు ఒక్కరికి, అటువైపు ఎవరికీ లేదు. తేడా లేనట్టే లెక్క. పుణెలో డాక్టర్ మోహన్ దేశార్దా వల జోలికే పోకుండా, రోగి సొంత కండరపు పొరలోంచి ఒక పట్టీ మలిచి గోడకు కుట్టే పద్ధతిని 2001లో ప్రకటించారు.

ఇప్పుడు బెజ్జాల సంగతి. కెమెరా గొట్టం మన పల్లెలకు పట్నం బాబుల పిత్తాశయాల కోసం రాలేదు. ఆడవాళ్ళ కుటుంబ నియంత్రణ కోసం వచ్చింది. డి.పి.ఎల్. క్యాంపులు జ్ఞాపకం ఉన్నాయా? డబుల్ పంక్చర్ లాప్రోస్కోపీ. బడిలో బల్లలు జరిపి, తల కిందికి వాల్చిన మంచాల మీద వరుసగా పడుకోబెట్టి, పొట్టలో గాలి నింపి, రెండు బెజ్జాల్లోంచి గొట్టాలు దింపి, నాళాలకు ఉంగరాలు తొడిగేవారు. ప్రోత్సాహకాల ఎక్విటెన్సులు వ్రాసింది మేమే. టార్గెట్ల తొందరలో ఏం జరిగేదో చూసినవాణ్ణి. 2014లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం బిలాస్‌పూర్ దగ్గర కొన్ని గంటల్లో 83 మందికి చేసిన క్యాంపు తర్వాత పది మందికి పైగా ఆడవాళ్ళు చనిపోయారు. 2016లో సుప్రీంకోర్టు అలాంటి క్యాంపులను మూడేళ్ళలో ఆపేయమంది. బెజ్జం చిన్నదైనంత మాత్రాన పని చిన్నది కాదని నాకు మొదట నేర్పింది ఆ క్యాంపులే.

పిత్తాశయాన్ని ఆ దారిన తీయడం 1985లో జర్మనీలో ఎరిక్ మూహె చేశాడు. మన దేశంలో 1990లో ముంబయిలో డాక్టర్ టెహంటన్ ఉద్వాడియా చేశారు. హెర్నియాకు లోపలి నుంచి క్లిప్పులు వేసి చూసిన సంగతి రాల్ఫ్ గెర్ అనే ఆయన 1982లోనే ప్రకటించాడు గాని, లోపల వల పరిచే పద్ధతులు 1992–93 నాటికి స్థిరపడ్డాయి. పొట్ట పొరలోకి దిగి చేసేది ఒకటి, ఆ పొరను తాకకుండా దానికీ కండకూ మధ్యన చేసేది మరొకటి.

ఇందులో సూత్రం మా దుగ్గిరాల లాకుల దగ్గర పెరిగినవాళ్ళకు చెప్పక్కర్లేదు. కాలవ గట్టుకు బెజ్జం పడితే బయటి వైపు మట్టి వేస్తే నీళ్ళు దాన్ని తోస్తూనే ఉంటాయి. నీళ్ళ వైపున వేస్తే ఆ నీటి ఒత్తిడే మట్టిని గట్టుకు అదిమి పెడుతుంది. కోత ఆపరేషన్‌లో వల కండకు బయటి వైపున ఉంటుంది. బెజ్జాల ఆపరేషన్‌లో లోపలి వైపున ఉంటుంది. దగ్గినా తుమ్మినా పొట్ట ఒత్తిడి దాన్ని గోడకే అదుముతుంది. ఈ సూత్రాన్ని కెమెరా రాకముందే ఫ్రాన్సులో స్టొప్పా అనే ఆయన పెద్ద కోతతోనే అమలు చేశాడు. కనుక బెజ్జాల గొప్పతనంలో సగం బెజ్జాలది కాదు, వల ఉన్న చోటుది.

మరి ఏది మంచిది? 2003 నాటికి జరిగిన 41 పరీక్షలను, ఏడు వేల పైచిలుకు రోగులను కలిపి లెక్క చూశారు. బెజ్జాలవాళ్ళు పనిలోకి సుమారు వారం ముందుగా పోయారు, చాలాకాలం వదలని నొప్పీ తిమ్మిరీ వాళ్ళకు తక్కువ. కాని ఆపరేషన్‌కు పావుగంట ఎక్కువ పట్టింది. అరుదుగానే అయినా పేగుకో మూత్రాశయానికో పెద్ద రక్తనాళానికో దెబ్బ తగలడం ఈ వైపే ఎక్కువ. 2004లో అమెరికా మాజీ సైనికుల ఆస్పత్రుల్లో రెండు వేల పైచిలుకు మంది మగవాళ్ళ మీద చేసిన పరీక్షలో రెండేళ్ళలో తిరగబెట్టింది బెజ్జాలవాళ్ళలో నూటికి పది, కోతవాళ్ళలో అయిదు. పత్రికలు కెమెరా ఓడిందన్నాయి. అయితే అదే లెక్కలో ఇంకొక వరుస ఉంది: 250కి పైగా ఈ ఆపరేషన్లు చేసిన డాక్టర్ల చేతిలో తిరగబెట్టడం అందులో సుమారు సగమే. స్టేట్‌మెంటు చివరి గడి చూడకుండా సంతకం పెట్టొద్దని మా సూపరింటెండెంటు గారు ఊరికే అనేవారా!

2018లో అనేక దేశాల వైద్యులు కలిసి ప్రకటించిన మార్గదర్శకాలు కూడా ఇంచుమించు ఇక్కడికే వచ్చాయి. వల వాడండి, కోతైనా కెమెరా అయినా ఆ డాక్టరుకు బాగా వచ్చింది చేయించుకోండి. రెండు వైపులా హెర్నియా ఉన్నవాళ్ళకూ, కోత ఆపరేషన్ తర్వాత తిరగబెట్టినవాళ్ళకూ, ఆడవాళ్ళకూ కెమెరా మేలు. కెమెరా పని చేతికి పట్టుబడటానికి పెద్ద డాక్టరు పక్కనుండగా 50 నుంచి 100 ఆపరేషన్లు చేయాలన్నారు. ఏ పద్ధతైనా నూటికి పది పన్నెండు మందికి నొప్పి కొంతకాలం వెంటాడుతుంది.

నా అనుభవం ఆ లెక్కలకు దూరం పోలేదు. 2008లో నడుముకు మత్తు సూది వేశారు, మాటలు వింటూనే ఉన్నాను. వారం రోజులు దగ్గాలంటే దిండు పొట్టకు హత్తుకునేవాణ్ణి. నెల దాకా స్కూటరు ఎక్కలేదు. కోత కింద అరచేతంత చోట ఇవాళ్టికీ గిల్లినా తెలియదు. 2019లో పూర్తి మత్తు. మెలకువ వచ్చేసరికి బొడ్డు దగ్గర ఒకటి, దాని కింద రెండు చిన్న అతుకులు. రెండో రోజునే నడిచాను, నొప్పి సగం కూడా లేదు. అయితే ఆ రాత్రి మూత్రం బిగిసింది. ప్రోస్టేటు వయసు కదా, గొట్టం వేయాల్సి వచ్చింది. దానితో పోలిస్తే ఎడమవైపు వారం నొప్పే నయమనిపించింది ఆ ఒక్క రాత్రికి! ఖర్చూ ఎక్కువైంది. మా ఆవిడ 1983 డి.పి.ఎల్. మనిషి. నా పొట్ట మీది అతుకులు లెక్కపెట్టి, "నాకు రెండే బెజ్జాలు. మూడో రోజున పిండి రుబ్బాను. మీకేమో మూడు బెజ్జాలు, పదిహేను రోజుల పథ్యం" అంది. జవాబు చెప్పలేదు.

ఉబ్బు ఉండి నొప్పి లేనివాళ్ళు అడుగుతారు, ఆగొచ్చా అని. 2006లో అమెరికాలో 720 మంది మగవాళ్ళను చూశారు. ఆగినవాళ్ళలో పేగు బిగుసుకోవడం ఏటా వెయ్యికి ఇద్దరికంటే తక్కువ. కనుక డాక్టరుకు చూపించి, ఆయన సరేనంటే ఆగడం తప్పు కాదు. కాని పదేళ్ళు గడిచేసరికి వాళ్ళలో 68 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నారు, ఎక్కువమంది నొప్పికి తాళలేక. అరవై అయిదు దాటినవాళ్ళలో 79 శాతం. ఆడవాళ్ళ లెక్క వేరు, వాళ్ళకు తొడ పైభాగంలో వచ్చే రకం త్వరగా బిగుసుకుంటుంది, ఆగకూడదు. ఎవరికైనా సరే ఉబ్బు గట్టిపడి, లోపలికి పోక, నొప్పీ వాంతులూ మొదలైతే కాపడాలూ ఆముదాలూ వద్దు. 108కి ఫోను చేయడమే.

బిల్లుల విషయం: రీయింబర్స్‌మెంటు పెట్టుకునేవారు డిశ్చార్జి రోజునే ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్టు మీద డాక్టరు సంతకం, ముద్ర తీసుకోండి. వల తాలూకు బిల్లు, దాని పెట్టె మీది స్టిక్కరు విడిగా భద్రం చేయండి. తర్వాత ఆస్పత్రి చుట్టూ తిరగడం మన వయసుకు కాదు.

నిరుడు మన సభ్యుడొకాయన నన్ను పక్కకు పిలిచాడు. డెబ్బయ్యారేళ్ళు, గుండెకు స్టెంటు. "ఎనిమిదేళ్ళుగా ఉందోయ్. పంచె కింద గుడ్డ మడత పెట్టి కట్టుకుంటున్నా" అన్నాడు. ఎన్ని మడతలని అడగబోయి ఊరుకున్నాను. మర్నాడే వెంటబెట్టుకుని తీసుకుపోయాను. కెమెరా చేయమని ఆయన పట్టు. గుండె డాక్టరుతో మాట్లాడాక శస్త్ర వైద్యుడు, "పెదనాన్న గారూ, మీకు పూర్తి మత్తు ఎందుకు? గజ్జకు మాత్రం సూది వేసి కోతతోనే చేస్తాను. నేనెక్కువ చేసిందీ అదే" అన్నాడు. ఆ జవాబు నాకు నచ్చింది. పొద్దున తొమ్మిదికి చేశారు. సాయంత్రం నేను ఫ్లాస్కులో కాఫీ పట్టుకుపోయేసరికి వరండాలో నడుస్తున్నాడు. మడతలు పెట్టిన గుడ్డ నా చేతిలో పెట్టి, "ఇది ఎక్కడన్నా పారేయ్" అన్నాడు.

ఇంటికి తెచ్చాను. మా ఆవిడ ఉతికి ఆరేసింది.